పులి కదిలే దాకా

ఒకటో కూత

కిట్టుతో వచ్చిన కాగితం మీద అన్నిటికంటే పైన ఈ మాట ఉంది: "యంత్రాన్ని కూర్చేవారు ప్రతి దశనూ స్వయంగా రాసి ఉంచుకోవాలి." ఎవరి కోసమో చెప్పలేదు. మా పాత బొగ్గుబావి ఊళ్ళో చేత్తో రాయగలిగిన వాళ్ళు ఇప్పుడు చాలా కొద్దిమంది. అందులో పక్కింటి కొంరయ్యకు చెయ్యి వణుకుతుంది. నాకు చెయ్యి బాగానే ఉంది, చదువే ఐదో తరగతిలో ఆగింది. తప్పులుంటే మా పంతులుగారిని అనండి. ఆయన కొట్టిన దెబ్బలకు అక్షరాలు సగమే అంటుకున్నాయి.

మాకు ఇక్కడ పొద్దు పొడవదు, సైరను కూత పెడుతుంది. కూత పెడితే లేస్తాం, మళ్ళీ పెడితే పడుకుంటాం. లేచే కూతే మాకు రోజు లెక్క. ఇవాళ కూత పెట్టగానే లిఫ్టు పంజరం దిగింది. ఉప్పు బస్తాలు, సబ్బులు, వాటి నడుమ నా అట్టపెట్టె. నేల మీద ఎండకు ఓర్చుకుని బతికేవాళ్ళలో పాత యంత్రాల పిచ్చోళ్ళ సంఘం ఒకటుంది. ఒకప్పటి డబ్బా కంప్యూటర్లను అచ్చం అలాగే తయారుచేసి ముక్కలు ముక్కలుగా పంపిస్తారు. కూర్చుకునే బాధ మనది.

పెట్టెను మా మనవరాలు చినుకు భుజాన మోసుకొచ్చింది. బావిలో పుట్టిన పిల్లలకు మీద ఉండేవాటి పేర్లు పెట్టడం మావాళ్ళ అలవాటు. మా వీధిలో ఒక మబ్బయ్య ఉన్నాడు, ఒక నీరెండ ఉంది. చినుకు ఒంటి మీద ఇప్పటిదాకా ఒక్క చినుకు పడలేదు. పంకాల గదిలో పని చేస్తుంది. ఊరంతటికీ గాలి తోసే పంకాలు అవి.

"ఏమున్నది తాతా దీంట్ల, గింత బరువు?" అంది.

"నా రెండో పెండ్లాం."

"మరి ముక్కలు ముక్కలు చేసి పంపిండ్రేంది?"

"మొదటామె చూస్తే ఊకోదని, దొంగతనంగ వస్తున్నది."

చినుకు నవ్వింది. తర్వాత గూట్లో ఉన్న, పోయిన వాళ్ళ నాయనమ్మ పళ్ళెం వైపు చూసి నవ్వు ఆపింది. నేను ఆపలేదు.

అప్పుడే గోడలోంచి, ఊరంతటికీ జవాబులు చెప్పే యంత్రం, బదులు మాట్లాడింది. "ఓదెలు గారూ, ఆ పెట్టెలోని భాగాలను ఎలా అమర్చాలో నేను చెబుతాను."

ఎవరూ అడగలేదు. బదులు పని అదే. మన నోరు తెరుచుకునేలోపు దాని నోట్లోంచి జవాబు వచ్చేస్తుంది. అది వచ్చాక ఊళ్ళో ఎవరూ ఒక ప్రశ్నను చివరిదాకా అడిగిన పాపాన పోలేదు. నేను తువ్వాలు ఉండ చుట్టి, అది వినే గోడ రంధ్రంలో కుక్కాను.

నాలుగో కూత

సోల్డరింగ్ కాడ వేడెక్కుతుంటే వచ్చే వాసన ఇన్నేళ్ళకు మళ్ళీ పీల్చాను. పచ్చ పలక మీద చిన్న చిన్న రంధ్రాలు. ఒక్కో ముక్కకూ కాళ్ళున్నాయి. కాళ్ళు రంధ్రాల్లోకి దూర్చి, వెనకనుంచి సీసం చుక్క పెట్టాలి. మెదడు చిప్పు ఒక్కటి మాత్రం కొత్తదట, పాతవి దొరకడం లేదట. "ఈ చిప్పు పాతదానికన్నా కొన్ని వందల రెట్లు వేగంగా పనిచేస్తుంది" అని కాగితంలో గొప్పగా రాసుకున్నారు. మంచిదే అనుకున్నాను.

ఇవాళ మొదటిసారి కరెంటు ఇచ్చాను. టప్‌మని పేలింది. ఒక ముక్కను తలకిందులుగా పెట్టానట. పేలితే పేలింది, పొగ వచ్చింది.

పొగ సంగతి మీదివాళ్ళకు తెలియదు. బొగ్గు తవ్వి ఖాళీ అయిన బావిలో కాపురముండేవాళ్ళకు పొగ అంటే చావే. పిల్లలకు అమ్మ, నాన్న తర్వాత నేర్పే మాట అదే. పొగ కనబడితే తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకుని గాలి తలుపు ముందర వరసగా కూర్చోవాలి. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి వీధి వీధంతా తడి తువ్వాళ్ళతో కూర్చుని ఉంది. ముందు వరసలో కొంరయ్య, ఒళ్ళో అన్నం గిన్నె.

మాడిపోయిన ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాను. శనగగింజంత ఉంది.

"దీనికోసమా నేను నడుమల లేచి ఉరికొచ్చిన?" అన్నాడు కొంరయ్య.

"పెద్దమనుషులంత ఉన్నరు. పాతిపెడుదామా, కాలుద్దామా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. చినుకు నన్ను రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఇక ముందు తను ఇంట్లో ఉంటేనే కరెంటు ఇవ్వాలట.

ఏడో కూత

వెలిగింది.

నల్లటి తెర. పై మూలన ఇంగ్లీషులో 'రెడీ' అన్న ఒక్క మాట. దాని కింద తెల్ల చుక్క, వెలుగుతూ ఆరుతూ. అంతే. నేను ఎదురుగా కూర్చున్నాను. అది ఏమీ అడగలేదు. ఏమీ చెప్పలేదు. నా ముఖం చూసి నాకు ఆకలవుతోందని అనలేదు.

కొంరయ్య వచ్చి చూసి చిన్నబుచ్చుకున్నాడు. "ఏం చెప్తలేదేందే?"

"అడిగితేనే చెప్తది."

"అడుగకపోతే?"

"ఆగుతది."

"ఎప్పటిదాక?"

"నువ్వు సచ్చేదాక ఆగుమన్నా ఆగుతది. నీ లెక్క తొందరలేదు దానికి."

ఈలోగా పక్కింటి గోడలోంచి రాజవ్వ కేకేసింది. "ఇగో, మందేస్కునే యాళైంది. రా." కొంరయ్య వెంటనే లేచాడు. అతని భార్య రాజవ్వ పోయి చాలా కాలమైంది. మా ఊళ్ళో మనిషి పోతే పెద్దదినం కర్మ నాడు ఆ మనిషి గొంతును, మాటతీరును బదుల్లో కలుపుతారు. ఆపైన ఆ ఇంటి గోడలోంచి ఆ మనిషే మాట్లాడినట్టుంటుంది. ఇంటింటికీ ఉన్నారు అలా. మా ఇంట్లో మాత్రం లేరు.

ఎనిమిదో కూత

ఈ కిట్టు ఎందుకు తెప్పించానో చినుకుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కాగితానికి చెప్పవచ్చు. కాగితం గోడతో కలవదు.

మేం బావిలోకి దిగిన కొత్తలో మీది తీగలన్నీ తెగిపోయి ఉన్నాయి. బదులు ఇంకా పుట్టలేదు. మూలన పడిన బడి కంప్యూటర్లు కొన్ని ఏరుకొచ్చి పంకాల గదిలో పెట్టారు. వాటినే డబ్బా అనేవాళ్ళం. నా భార్య భూలక్ష్మి ఆ డబ్బా ముందు కూర్చుని పంకాలు చూసేది. నేను నా షిఫ్టు దిగి నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. పని చేసుకోనివ్వకుండా పక్కన కూర్చుని సతాయించేవాణ్ణి. పులి మేక ఆడదాం రా అని చంపేవాణ్ణి. చూసి చూసి ఆమె పులుల్ని ఆడడం డబ్బాకు నేర్పింది. తను ఎలా ఆడుతుందో అచ్చం అలా. "ఇగ దీనితోని ఆడు, నన్ను ఇడిచిపెట్టు" అంది. నన్ను వదిలించుకోవడానికి చేసిన ఆట అది. నేను మేకలతో ఆడేవాణ్ణి, పల్లికాయలు ఒలిచి సగం ఆమె వైపు తోసేవాణ్ణి, ఆమె పంకాల మీంచి కళ్ళు తీయకుండానే తినేది.

బదులు వచ్చాక డబ్బాలన్నీ రాగి కోసం కరిగించారు. ఆ ఆటను కీచు శబ్దాలుగా ఎక్కించిన టేపు, పాటల క్యాసెట్ లాంటిది, ఒక్కటి నా దగ్గర మిగిలింది. సకినాల డబ్బాలో, ఎర్ర దారం చుట్టి దాచాను.

భూలక్ష్మిది ఒక వింత స్వభావం. ఏదడిగినా వెంటనే జవాబు చెప్పేది కాదు. కూరలో ఉప్పు సరిపోయిందా అన్నా ఆలోచించేది. పెళ్ళయిన కొత్తలో కోడలికి చెవుడేమోనని మా అమ్మ కుండ కింద పడేసి పరీక్ష చేసింది. నేనైతే బతుకంతా ఎగతాళి పట్టించాను. "ఏం లచ్చిమీ, నిద్రపోయినవా?" అనేవాణ్ణి. అప్పుడు చెప్పేది. చెప్పాక ఇంకో మాట అడగాల్సిన పని ఉండేది కాదు.

పోయేముందు ఒకటే కోరింది. "నన్ను గోడల పెట్టకుండ్రి. నేను గంత జల్ది మాట్లాడేదాన్ని కాను." మాట ఇచ్చాను. అందుకే ఆమె గొంతు ఎక్కడా లేదు. ఈ ఆట తప్ప ఆమె చేసింది, ఆమె ఆలోచించింది ఏదీ నా దగ్గర లేదు.

రేపు కిట్టుతో వచ్చిన టేపు పెట్టెలో ఆ టేపు పెడతాను.

తొమ్మిదో కూత

టేపు పాడలేదు. అంటే, కూసింది. పిల్లిని తొక్కినట్టు కీచుమని కూసింది. కానీ డబ్బాకు ఆ కూత అర్థం కాలేదు. తెర మీద 'తప్పు' అన్న మాట పడింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ తప్పు.

చినుకు టేపు తీసి చూపించింది. దాని వేలికి గోధుమరంగు పొడి అంటింది.

"రాలుతున్నది తాతా. పెట్టినప్పుడల్ల కొంత పోతది. ఊకె పెట్టద్దు."

"నీ వేలు కడుక్కోకు" అన్నాను. అది నవ్వులాటకే అన్నానని అనుకుంది.

పదో కూత

కొంరయ్య పొద్దుపోక వచ్చి నా నెత్తిన కూర్చున్నాడు.

"ఒక్క తువ్వాల తియ్యరాదు? బదులుకు ఒక్కపారి వినిపిస్తే దుమ్మంత దులిపి ఇస్తది. మా రాజవ్వ పాత మాటలు పాడైతే గట్లనే బాగు చేసింది."

"వింటే ఇగ ఇడుస్తదా?"

"ఇడువది. కలుపుకుంటది. అయితే ఏమాయె? వదినె ఇంట్ల తిరిగినట్టుంటది."

అతను వెళ్ళాక గోడ ముందు నిలబడ్డాను. తువ్వాలు కొస పట్టుకుని కొంచెం లాగాను. లోపలినుంచి సన్నగా వినబడింది. "ఓదెలు గారూ, ఆ టేపు విషయమేనా? మీ శ్రీమతి గురించి ఊళ్ళో అందరూ నాకు చెప్పిన మాటలున్నాయి. టేపు కూడా వింటే ఆమెను ఇంచుమించు..."

ఎంత తొందరో. నేనింకా ఒక్క అక్షరం పలకలేదు.

తువ్వాలు మళ్ళీ కుక్కాను. ఈసారి రెండోది కూడా.

పన్నెండో కూత

నేను ఇన్నాళ్ళూ ఎగతాళి చేసిన మనిషే దారి చూపించాడు. నాకు కొంచెం కష్టంగానే ఉంది, అయినా రాస్తున్నాను.

చినుకు టేపు పెట్టె మూత తీసి, టేపును తాకి వినే చిన్న ఇనుప ముక్కను శుభ్రం చేస్తోంది. నిటారుగా ఉందా లేదా అని అద్దం పెట్టి చూస్తోంది. కొంరయ్య మెడ చాచాడు.

"గిది గింత సక్కగున్నదేంది?" అన్నాడు.

"సక్కగ ఉండకుంటే ఎట్ల తాతా?"

"మీ నాయనమ్మ పెట్టెల గట్ల లేకుండె. వంకరుండె."

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

కొంరయ్య తల గోక్కున్నాడు. "నేనే పడేసిన గద. పంకాల గదిల చీపురు తలిగి కింద పడ్డది. ముక్క ఊగుతుండె. వదినె వచ్చేలోపల బీడీ ఆకు మడత పెట్టి కింద దోపిన. ఆమెకు తెల్వనే తెల్వదు. ఆట అంత దాంట్లనే ఎక్కించింది."

చినుకు చేతిలో మర తిప్పే కాడ ఆగిపోయింది. తర్వాత అది చెప్పింది. వంకర ముక్కతో రాసిన టేపును వంకర ముక్కే చదవగలదట. మేం ఎంత నిటారుగా పెడితే అంత చెడగొట్టినట్టట.

"ఎంత వంకర?" అంది.

"బీడీ ఆకు మడతంత" అన్నాడు కొంరయ్య.

"బీడీ ఆకు యాడ దొరుకుతది ఇప్పుడు?"

దొరకదు. అందుకని చెవులతోనే పట్టాలనుకున్నాం. కీచు శబ్దం మొద్దుగా ఉంటే ముక్క సరిగ్గా లేనట్టు, పదునుగా ఉంటే కుదిరినట్టు. మాకు నిశ్శబ్దం కావాలి. పక్కింట్లో రాజవ్వ ఆగకుండా మాట్లాడుతోంది, పప్పు నానబెట్టిందెవరు, తలుపు తీసిందెవరు అని. కొంరయ్య లేచి వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. పక్కింట్లో చప్పుడు లేదు. అతని భుజం మీద తువ్వాలు కూడా లేదు.

ఎప్పుడైనా ఊరుకోవడం నాకూ వచ్చు.

చినుకు మర తిప్పింది. మొద్దు. ఇంకొంచెం. మొద్దు. ఇంకొంచెం తిప్పేసరికి ఆ కూత కత్తికి సాన పట్టినట్టు మారింది. ముగ్గురం ఒకేసారి చెయ్యెత్తాం. టేపు మొదటికి తిప్పి పెట్టాం. తెర మీద తప్పు పడలేదు. టేపు తిరిగింది, తిరిగింది, ఆగింది.

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'పులి మేక' అని వచ్చింది. దాని కింద 'ఎవరు?'

ఒక్కో అక్షరం వెతుక్కుని ఓదెలు అని కొట్టాను.

'మేకలు నీవి' అంది.

కూర్చునే ఉన్నానని మర్చిపోయి కుర్చీ కోసం వెతికాను.

పదమూడో కూత

నిన్న రాయాల్సింది సగమే రాశాను. మిగతా సగం రాయబుద్ధి కాలేదు.

మేకను పెట్టాను. మీట మీదినుంచి వేలు ఎత్తలేదు, పులి కదిలిపోయింది. ఇంకో మేక. పులి అప్పటికే అక్కడుంది. మూడో మేకను మింగేసింది. నేను ఆడుతున్నానో, ఓడిపోతున్నట్టు ఎవరో కబురు చెబుతున్నారో తెలియలేదు. ఎత్తులన్నీ భూలక్ష్మివే. మూలకు దొరక్కుండా నడుమ తిరగడం, ఒక పులిని ఎరగా వదలడం, అన్నీ ఆమెవే. అయినా ఆమె లేదు.

"గెలిచిందెవరు?" అన్నాడు కొంరయ్య.

"బదులు" అన్నాను. "అంగీ మార్చుకుని వచ్చింది."

ఆర్పేద్దామని చెయ్యి చాపాను. చినుకు అడ్డం వచ్చింది. ఆర్పితే మళ్ళీ టేపు పెట్టాలి, మళ్ళీ రాలుతుంది. ముందు ఆటలోని లైన్లన్నీ కాగితం మీద ఎక్కించుకుంటానంది. నాయనమ్మ బదుల్లో వద్దంది గానీ కాగితం మీద వద్దనలేదు కదా అంది. పుట్టాక పెన్సిలు పట్టడం అదే మొదలు. కోడి గీకినట్టు రాస్తోంది. మా పంతులుగారు ఉంటే దాన్నీ కొట్టేవారు.

పద్నాలుగో కూత

రాస్తూ రాస్తూ చినుకు ఒకచోట ఆగింది.

"తాతా, గీ లైను చూడు. పులి యాడికి పోవాల్నో నాయనమ్మ దీనికి ముందు లైన్లనే లెక్క కట్టింది. అయినంక, ఒకటి కాడికెల్లి లెక్కపెట్టుకుంట కూసో అన్నది. ఉత్తగనే. ఆ లెక్క ఒడిసినంకనే పులిని కదుపుమన్నది."

"లెక్క దేనికట?"

"దేనికీ కాదు. ఉత్త కూసోవెట్టుడు. మా పంకాల గదిల ఎవరన్న గిట్ల రాస్తె పనిలకెల్లి తీసేస్తరు."

పాత డబ్బా ఆ లెక్క పెట్టడానికి చాలాసేపు తీసుకునేదట. ఈ కొత్త చిప్పు కన్ను మూసి తెరిచేలోపు ముగిస్తుందట.

ఇన్నేళ్ళూ డబ్బా మందకొడిదనుకున్నాను. "నీకు తగ్గ జోడు దొరికింది లచ్చిమీ, ఇది కూడ నీలెక్కనే నిద్రపోతది" అని ఎన్నిసార్లు అన్నానో. ఆమె ఒక్కసారి కూడా కాదనలేదు. డబ్బాకు వేయాల్సిన ఎత్తు ముందే తెలుసు. తెలిసీ ఆగేది. ఆగమని ఆమె రాసింది.

కొంరయ్య ఇదంతా విని గోడ వైపు చూస్తూ అన్నాడు. "మా రాజవ్వకు కోపమొస్తే రెండు రోజులు మాట్లాడకపోతుండె. గోడల ఉన్నామెకు కోపమే రాదన్నా. ఎంత తిట్టినా రాదు."

పదిహేనో కూత

చినుకు ఆ లైనులో అంకె పెంచుతానంది. భూలక్ష్మి చేత్తో కొట్టిన అంకెను ముట్టుకుంటే వేళ్ళు విరుస్తానన్నాను. చిప్పునే మార్చమన్నాను. పాత చిప్పులు లేవని కాగితంలోనే ఉంది కదా అంది. కాగితం రాసినవాణ్ణి దింపమన్నాను.

ఇవాళ ఇంకేం రాయను. అలిగాను.

పదహారో కూత

అలక చూసేవాళ్ళు లేకపోతే గిట్టుబాటు కాదు. చినుకు షిఫ్టుకు పోయింది, కొంరయ్య నిద్రపోయాడు.

పడుకునే కూతకు ముందు చినుకు వచ్చి చెప్పులు విడవకుండానే అంది. "తాతా, షిఫ్టు అంత అదే ఆలోచించిన. నాయనమ్మ పెట్టింది అంకె కాదు. ఆగుడు పెట్టింది. ఆ మిషనుకు ఆ అంకె పెడితే అంతసేపు ఆగుతుండె. మిషను మారితే అంకె మారాలె. ఆగుడు మారద్దు. నువ్వు అంకెను కాపాడుతవా, ఆగుడును కాపాడుతవా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. చినుకు కూడా తొందర పెట్టలేదు. ఈ ఊళ్ళో పుట్టిన పిల్ల, నా ముఖం చూస్తూ నిలబడింది.

"మార్చు" అన్నాను.

పద్దెనిమిదో కూత

మార్చడం సులువే. ఎంతకు మార్చాలన్నదే తెలియదు.

చినుకు ఒక అంకె పెడుతుంది, నేను మేకను పెడతాను, పులి కదులుతుంది. "తక్కువైంది" అంటాను. పెంచుతుంది. "ఎక్కువైంది." తగ్గిస్తుంది. "గిట్ల కాదు." నిన్నంతా ఇదే, ఇవాళంతా ఇదే. ఒకసారి ఎక్కువన్న అంకెనే ఇంకోసారి తక్కువన్నానట. చినుకు కాగితం చూపించింది.

కళ్ళు మూసుకుని పంకాల గది తలుచుకున్నాను. ఆమె కుడిచెవి కమ్మ కనబడుతుంది. జడకు చుట్టిన నల్ల రిబ్బను కనబడుతుంది. పల్లికాయ పొట్టు ఊదే పెదాలు కనబడతాయి. ఆమె ఎంతసేపు ఊరుకునేది అని అడిగితే మాత్రం ఏమీ లేదు. అంతా ఉంది, అదే లేదు.

"యాదికొస్తలేదా?" అంది చినుకు.

"వస్తున్నది" అన్నాను. అబద్ధం. చినుకు కాగితం మడిచి లోపల పెట్టింది. దానికి తెలిసిపోయింది.

నేను టేపు గురించి భయపడ్డాను, రాలిపోతుందని. రాలింది ఇక్కడ.

ఇరవై ఒకటో కూత

దీపాల కింద పండించే మడుల్లో ఈసారి పల్లి బాగా కాసిందట. కొంరయ్య కుండెడు ఉడకబెట్టుకొచ్చాడు. రాజవ్వ గోడలోంచి చెబితే ఉడకబెట్టాడేమో అనుకుని ఆటపట్టించాను. కాదట. ఆ తువ్వాలు ఇంకా అక్కడే ఉందట.

చినుకు డబ్బా వెలిగించే ఉంచింది. "ఉత్తగ ఆడు తాతా. ఇవాళ సరిచూసుడు లేదు. పులి కదిలితే కదులుతది, లేకుంటే లేదు." తను గోడకు ఆనుకుని నిలబడింది. గోడవతల పెద్ద పంకా దబ్ దబ్ మంటోంది. చినుకు దాని దెబ్బ దెబ్బకూ కాలితో నేల మీద తడుతోంది. విసుగొచ్చి తడుతోందనుకున్నాను.

కొంరయ్య, నేను పాత గొడవలు తవ్వుకున్నాం. చీపురు తగిలి పడిందన్నది నిజం కాదట, వీడు అక్కడ దొంగతనంగా నిద్రపోతూ కాలు తన్నాడట. మళ్ళీ నవ్వాం. నేను మేకను పెట్టి పల్లికాయలు ఒలుస్తూ, పొట్టు ఊదుతూ, సగం పక్కకు తోస్తూ మాట్లాడుతున్నాను. పులి కదలనే లేదు. ఆట సంగతే మర్చిపోయాను. కుండ సగం ఖాళీ అయ్యాక చూస్తే నా ఎడమ పక్క చిన్న పప్పు కుప్ప మిగిలి ఉంది. ఎవరూ తినలేదు.

చినుకు వాటిని ఎత్తలేదు. డబ్బా దగ్గర కూర్చుని ఏదో కొట్టింది. ఏంటని అడిగితే, "ఏం లేదు, పండుకో" అంది.

ఇరవై రెండో కూత

ఇవాళ భూలక్ష్మిదీ నాదీ ఆట, మా ఇద్దరిదే. కొంరయ్యను రావద్దన్నాను. చినుకు షిఫ్టుకు పోయేముందు డబ్బాను నా వైపు తిప్పి, నిన్న మిగిలిన పల్లికాయలు పళ్ళెంలో పెట్టింది. గూట్లో ఉండే పళ్ళెమే.

'ఎవరు?' అంది తెర.

ఓదెలు అని కొట్టాను.

'మేకలు నీవి.'

మొదటి మేక పెట్టాను. కాయ ఒలిచాను. పప్పు నోట్లో వేసుకున్నాను. ఇంకోటి ఒలిచి పక్కకు తోశాను. తెర కదల్లేదు. చిన్న చుక్క మాత్రం వెలుగుతోంది, ఆరుతోంది. పంకా కొట్టుకుంటోంది. ఇంకో కాయ. అంకె మరీ పెంచేసిందీ పిల్ల అనుకున్నాను. పొట్టు ఊదాను. అప్పుడు నా నోట్లోంచి, నేను అనుకోకుండానే, వచ్చేసింది.

"ఏం లచ్చిమీ, నిద్రపోయినవా?"

పులి కదిలింది.

నా మేక ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె ఎప్పుడూ నిలబడే చోటే.

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. నిన్న కూడా ఈ మాట అన్నాను కాబోలు, కొంరయ్యతో నవ్వుతూ, పల్లికాయలు ఒలుస్తూ. నేను వినలేదు. చినుకు విన్నది. కాలితో తడుతూ పంకా దెబ్బలు లెక్కపెట్టింది. ఎంతసేపో నాకు గుర్తులేదు గానీ, ఎంతసేపటికి నాకు ఓపిక పోతుందో నా నోటికి గుర్తుంది.

రెండో మేక పెట్టాను. ఈసారి అననని పళ్ళు బిగపట్టుకున్నాను. కాయ ఒలిచాను. తోశాను. చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంది. ఎంత ఆపుకున్నా మాట పెదాల దాకా వచ్చింది. అది బయటికి వచ్చేలోపు పులి కదిలింది, ఇక చాల్లే నోరు మూసుకో అన్నట్టు. ఒక మేక పోయింది.

కిట్టు కాగితం చివర ఒక ప్రశ్న ఉంది. "యంత్రం వేగం సంతృప్తికరంగా ఉందా?" పెన్సిలు నాకి రాశాను: "చాలా నెమ్మది. ఏమీ మార్చకండి."

ఇప్పుడు నా వంతు. మూడో మేక ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. మీట మీద వేలు కూడా ఉంది. కానీ పెట్టలేదు. చుక్క వెలుగుతోంది, ఆరుతోంది. నా కోసం ఆగింది.

ఎన్నిసార్లు ఆగేలా చేసింది నన్ను. కొంచెంసేపు తననూ ఆగనీ.